నిలిచిన కారులో వణకు

కూడలిలో ఎఱ్ఱదీపము వెలిగినది. కారు నిలిచినది. యాక్సిలరేటరుపై నుండి కాలు తీసినంతనే బండి యంతయు వణకసాగినది. స్టీరింగు అదరుచున్నది; తలుపుటద్దములు గలగలలాడుచున్నవి. పచ్చదీపము వెలుగు వేళకు ఇంజను కాస్త ఆగిపోయినది. ఇక వెనుకనున్న బండ్ల హారను మ్రోత చెప్పనక్కరలేదు. చిన్నకారు గల గృహస్థులలో పలువురు ఈ యిబ్బంది నెరిగినవారే.

కాలు తీసినపుడు ఇంజను తనంత తాను మెల్లగా తిరుగుటను ఐడ్లింగు అందురు. అది కుదురుగా లేనిచో సాధారణముగా జరుగు చికిత్స యొకటే: కార్బురేటరుకున్న ఐడ్లింగు స్క్రూ త్రిప్పి వేగము హెచ్చించుట. వణకు తగ్గినట్లే తోచును. కాని రోగి మూలుగు వినబడకుండ తలుపు మూసినంత మాత్రమున రోగము కుదురునా? పెట్రోలు ఖర్చు పెరుగును. లోపము లోపలనే యుండును. నేనును ఒకప్పుడు ఈ పొరపాటు చేసితిని. రెండుమార్లు స్క్రూ త్రిప్పించితిని. పిదప కార్బురేటరు విప్పించితిని. తుదకు బయటపడిన దోషము వ్రేలెడు రబ్బరు గొట్టములో నొక చీలిక. కనుక నేడు నేను మనవి చేయదలచిన దొక్కటే: స్క్రూను ముట్టుకొనుటకు ముందు కారణము వెదకవలెను.

మనకు చిరపరిచితమైన మారుతి 800 నే తీసికొందము. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 వరకు తయారైన ఈ కారులో 796 ఘన సెంటీమీటర్ల ఇంజను, మూడు సిలిండర్లు ఉండును. మూడు సిలిండర్ల ఇంజనుకు కొద్దిపాటి అదురు సహజమే. ఇది నాలుగు స్ట్రోకుల ఇంజను గనుక ప్రతి సిలిండరులోను రెండు చుట్లకొకమారు మంట రగులును. నిమిషమునకు 900 చుట్లు తిరుగుచున్నదనుకొన్నచో, ఒక్కొక్క సిలిండరులో 450 మార్లు, మొత్తము మీద 1350 మార్లు మంట రగులవలెను. ఒక సిలిండరు మండుట మానినచో మూడవవంతు బలము పోయినట్లే. బండి వేగముగా పోవునపుడు ఆ యూపులో ఈ లోటు కొంత మరుగుపడును; నిలిచినపుడు దాగదు.

కావున మొదటి ప్రశ్న యిది: లోపము ఒక సిలిండరుదా, అన్నిటిదా? ఒకే లెక్క ప్రకారము, తాళము తప్పిన మద్దెలవలె, శబ్దములో నడుమ నడుమ వెలితి వినబడినచో ఒక సిలిండరు మండుటలేదని యూహింపవచ్చును. మెకానిక్కులు దీనినే మిస్సింగు అందురు. అపుడు ఇంజను చల్లారనిచ్చి, మూడు ప్లగ్గులను విప్పి, వరుస తప్పకుండ ఒక కాగితముపై నుంచి చూడుడు. లేత గోధుమ రంగున్నది ఆరోగ్యవంతము. పొడి మసి పట్టినది పెట్రోలు పాలు హెచ్చినదని చెప్పును. పెట్రోలుతో తడిసియున్నది మండుటలేదని చెప్పును. అనుమానము గల ప్లగ్గును ప్రక్క సిలిండరునకు మార్చి చూడుడు. మిస్సింగు కూడ దానితో మారినచో దోషము ప్లగ్గుది. మారనిచో ప్లగ్గు వైరును అట్లే పరీక్షింపవలెను. అదియు కానిచో వాల్వులు, కంప్రెషను చూడవలసియుండును. అది కార్ఖానాలో చేయదగిన పని.

అట్లుగాక వేగము ఒకమారు హెచ్చి ఒకమారు తగ్గుచు, ఇంజను ఊగిసలాడుచున్నచో గాలిని, పెట్రోలును అనుమానింపవలెను. కాలు తీసినపుడు గాలి పోవు తలుపు దాదాపు మూతపడును. ఇంజను మిక్కిలి గట్టిగా గాలిని పీల్చుచుండును. అట్టి సమయమున గొట్టములో చీలిక యున్నచో లెక్కకు మించిన గాలి చొరబడి మిశ్రమము పలుచబడును. వేగము హెచ్చినపుడు ఎటులైనను గాలి ఎక్కువగా పోవును గనుక ఆ చిన్న చీలిక లెక్కకు రాదు. నిలిచినపుడే వణకుటకు కారణ మిదియే. చెవియొగ్గి వినినచో కొన్ని వేళల బుసవంటి శబ్దము వినవచ్చును. అనుమానము గల సన్నని రబ్బరు గొట్టమును పటకారుతో మెల్లగా నొక్కినపుడు ఇంజను కుదుటపడినచో దొంగ దొరికినట్లే. గొట్టములన్నియు బాగున్నచో ఎయిర్ ఫిల్టరును, ఆ తరువాతనే కార్బురేటరులోని ఐడ్లింగు జెట్టును శుభ్రపరుపవలెను.

నేటి కార్లలో కార్బురేటరు లేదు. ఇంధనమును కంప్యూటరు లెక్క ప్రకారము ఇంజెక్టర్లు చిమ్మును. అయినను గాలి తలుపు చుట్టును మసి పేరుకొనుట, గొట్టములు చీలుట, ప్లగ్గులు అరుగుట మానలేదు. ఇంజను గుర్తు గల దీపము వెలిగినచో ఆలసింపక చూపింపవలెను. అది మిణుకుమిణుకుమనుచున్నచో బండిని నడుపరాదు. మండని పెట్రోలు పొగగొట్టములోని శుద్ధియంత్రమును పాడుచేయును. ఇంజను శబ్దము సమముగా నుండి, బండి మాత్రమే అదరుచున్నచో ఇంజనును మోయు రబ్బరు దిమ్మలు చితికినవేమో చూడుడు.

రెండు హెచ్చరికలు. మూసిన షెడ్డులో ఇంజను నడిపి పరీక్ష చేయరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, ప్రాణము మాత్రము తీయును. ఇంజను తిరుగుచుండగా పంచెకొంగు గాని చీరచెంగు గాని ఫ్యాను దరికి పోనీయరాదు.

ఇంతయు మీరే చేసికొనవలెనని నా యభిప్రాయము కాదు. మెకానిక్కు స్క్రూడ్రైవరు తీసి నేరుగా స్క్రూ వైపు చేయి చాచినపుడు, "ప్లగ్గులు చూచితివా నాయనా, గొట్టములు చూచితివా?" అని యడుగగలిగిన చాలును. నాడి చూచిన పిదపనే మందు.