ఆన్‌లైన్ జూదం: అప్పు ఎవరిది? ఆపే హక్కు ఎవరిది?

(బోడుప్పల్‌లో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆన్‌లైన్ జూదం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ మధ్య ఈ విషయం మీద సభలు చాలానే జరుగుతున్నాయి. యువకుల భవిష్యత్తు గురించి, సినిమా తారలు చేసిన ప్రకటనల గురించి మాట్లాడుతున్నారు. అవి మాట్లాడాల్సినవే. కానీ ఆడేది మగవాడైనప్పుడు ఆ అప్పు ఇంట్లో ఎవరి మెడకు చుట్టుకుంటోంది? ఆ ఆటను ఆపే అధికారం ఇంట్లో ఎవరికుంది? ఈ రెండు ప్రశ్నలూ పక్కన పడిపోతున్నాయి. నేను ఈ రెండింటి గురించే మాట్లాడతాను.

సారా దుకాణం, సెల్‌ఫోన్

సంపాదన ఇంటికి చేరకముందే కాజేసే వ్యాపారంతో తలపడటం మన స్త్రీలకు కొత్త కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా కేంద్రాలకు వెళ్లిన స్త్రీలు తమ ఊళ్లో సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించక తప్పలేదు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో సడలించారు. ఆదాయం పోతోందన్నదే అందుకు చెప్పిన ముఖ్యమైన కారణం.

ఆ స్త్రీలకు ఎదురుగా ఒక దుకాణం ఉంది. దాని తలుపులకు తాళం వేయగలిగారు. పీపాలు ఒలకబోయగలిగారు. కాంట్రాక్టరు ఎవరో ఊరందరికీ తెలుసు. తాగి వచ్చిన మనిషిని వాసన పట్టించేది. ఇప్పటి దుకాణం భర్త చేతిలోని ఫోన్‌లో ఉంది. పక్కనే పడుకున్న భార్యకు కూడా అతను ఆడుతున్న సంగతి తెలియదు. అప్పులవాళ్లు ఫోన్ చేసినప్పుడే తెలుస్తుంది.

బోడుప్పల్‌లో ఒక చెల్లెలు నాతో ఇలా అంది: "బంద్ చేసిన అన్నడు మేడం. ఫోన్ తెచ్చి నా చేతులనే పెట్టిండు. ఇంకో ఫోన్ ఉన్నదని నాకెట్ల తెలుస్తది?" ఆమె నాచారంలో మిషన్ కుడుతుంది. భర్త క్యాబ్ నడుపుతాడు. పొదుపు సంఘంలో అప్పు ఆమె పేరు మీద ఉంది. కుదువ పెట్టిన గొలుసు ఆమె పుట్టింటివాళ్లు పెట్టింది. ఆట మాత్రం అతనిది. సంఘంలో కిస్తీ కట్టకపోతే తలదించుకునేది ఆమె. "మొగుణ్ణి అదుపులో పెట్టుకోలేదు" అని మాట పడేదీ ఆమే.

నిషేధం మనకు పాతదే

ఈ మాట చాలామందికి ఆశ్చర్యంగా ఉండవచ్చు. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లోనే నిషేధించారు. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి రమ్మీని కూడా అందులోకి తెచ్చారు. దీనికి ఒక చరిత్ర ఉంది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1968లో చెప్పింది. ఆ కేసు మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద జరిగిన దాడి నుంచే పుట్టింది. దేశమంతటా ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు తర్వాత ఆ తీర్పునే అడ్డం పెట్టుకున్నాయి. 2017 సవరణ మన రాష్ట్రంలో ఆ దారి మూసింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే పని చేసింది.

కాగితం మీద చూస్తే 2017 తర్వాత బోడుప్పల్‌లో ఏ ఇంట్లోనూ ఈ ఆటలో ఒక్క రూపాయి పోకూడదు. జరిగింది వేరు. పేరున్న కంపెనీలు తెలంగాణ నుంచి ఆడేవాళ్లను ఆపాయి. ఆడాలనుకున్నవాళ్లు ఫోన్ వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే యాప్‌లు పెట్టుకున్నారు. మిగిలిన వాళ్లను విదేశీ సైట్లు పట్టుకున్నాయి. రంగు ఊహించి డబ్బు పెట్టే ఆట నడుపుతున్న ముఠాను 2020 ఆగస్టులో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. అరెస్టయిన వారిలో ఒక చైనా జాతీయుడున్నాడు. ఆ ఖాతాల్లో సుమారు 1,100 కోట్ల రూపాయల లావాదేవీలు జరిగాయని పోలీసులు చెప్పారు. అప్పటికి నిషేధం వచ్చి మూడేళ్లయింది.

2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారని సినిమా, టీవీ ప్రముఖుల మీద, యూట్యూబ్‌లో పేరున్నవాళ్ల మీద హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టారు. ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేస్తామని ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అనే తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆ చట్టం నిషేధిస్తుంది. అలాంటి ఆట నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. డబ్బు చేరవేసే సంస్థలను కూడా బాధ్యుల్ని చేసింది. ఆడేవాడికి శిక్ష లేదు.

ఈ చివరి మాట మనకు ముఖ్యం. రాష్ట్ర గేమింగ్ చట్టం ప్రకారం ఆడేవాడూ నేరస్థుడే. అందుకే ఫిర్యాదు చేద్దామని వెళ్లిన భార్యకు "మీ ఆయన మీదే కేసు అవుతుందమ్మా" అనే మాట ఎదురయ్యేది. ఆమె తిరిగి వచ్చేసేది.

చట్టం రాగానే దేశీయ కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. వాటికి ఆఫీసు ఉంది, పాన్ నంబరు ఉంది, పట్టుకుంటే దొరుకుతాయి. విదేశీ సైట్లకు అవేవీ లేవు. కరీబియన్ సముద్రంలోని క్యురసావ్ లాంటి చిన్న దీవిలో తీసుకున్న లైసెన్సు కాగితం చూపించి ఇక్కడ వ్యాపారం చేస్తాయి. 2022 నుంచి 2025 మొదటి నెలల వరకు కేంద్రం 1,400కు పైగా బెట్టింగ్, జూదం సైట్లను, యాప్‌లను మూయించింది. ఒకటి మూస్తే పేరులో ఒక అక్షరం మార్చుకుని ఇంకొకటి తెరుచుకుంటుంది. కొత్త చిరునామా వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో వస్తుంది. ఏజెంటు ఐడీ ఇస్తాడు. డబ్బు పడాల్సిన యూపీఐ నంబరు రోజుకొకటి మారుతుంది. అది కంపెనీ ఖాతా కాదు. ఎవరో పేదవాడి దగ్గరో, విద్యార్థి దగ్గరో, గృహిణి దగ్గరో కిరాయికి తీసుకున్న ఖాతా.

"నన్ను ఆడనివ్వకండి" అనే ఏర్పాటు

ఇతర దేశాల్లో ఒక ఏర్పాటు ఉంది. జూదం ఆడే మనిషి తన పేరు తానే ఒక జాబితాలో రాయించుకుంటాడు. ఆ తర్వాత లైసెన్సు ఉన్న ఏ కంపెనీ అతన్ని ఆడనివ్వకూడదు. బ్రిటన్‌లో ఈ జాబితా పేరు గామ్‌స్టాప్. 2018లో మొదలైంది. 2020 మార్చి 31 నుంచి లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ కంపెనీలన్నీ అందులో చేరడం తప్పనిసరి అయింది. ఆరు నెలలు, ఏడాది, ఐదేళ్లు అని గడువు ఎంచుకోవచ్చు. ఆస్ట్రేలియాలో 2023లో బెట్‌స్టాప్ వచ్చింది. మన తెలుగు పిల్లలు వేలమంది చదువులకు, ఉద్యోగాలకు వెళ్తున్న దేశాలు ఇవి. అక్కడ కొడుకో అల్లుడో ఈ ఊబిలో ఉన్నాడని తెలిస్తే ఇలాంటి జాబితా ఉందని చెప్పండి. అది మేలే.

అయితే దాని లోపాలు కూడా తెలియాలి. జాబితా లైసెన్సు ఉన్న కంపెనీలనే కట్టడి చేస్తుంది. "మేము గామ్‌స్టాప్‌లో లేము" అనే మాటనే ప్రకటనగా చేసుకుని విదేశీ క్యాసినోలు అక్కడ వ్యాపారం చేస్తున్నాయి. ఆ ప్రకటన ఎవరి కోసమో ఆలోచించండి. ఎప్పుడూ ఆడని మనిషికి ఆ మాట అర్థం కాదు. మానాలని పేరు రాయించుకున్న మనిషికే అది అర్థమవుతుంది. అతను బలహీనపడే రాత్రి కోసమే అవి కాచుకుని ఉంటాయి.

రెండో లోపం మనకు ఇంకా ముఖ్యమైనది. పేరు రాయించుకునే హక్కు ఆడేవాడికే ఉంది. అతనికి బుద్ధి పుట్టేదాకా భార్య ఎదురుచూడాలి. తల్లి ఎదురుచూడాలి. ఇంటి సంపాదన మీద భర్తకు ఉన్నంత హక్కు భార్యకూ ఉందని మనం ఎన్నో ఏళ్లుగా అంటున్నాం. ఈ ఏర్పాటు ఆ మాటను లెక్కలోకి తీసుకోదు. సింగపూర్ మాత్రం కొంత వేరుగా ఆలోచించింది. అక్కడ భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు దరఖాస్తు చేసుకోవచ్చు. సమస్య నిజమని తేలితే ఆ మనిషిని క్యాసినోలోకి రానివ్వకుండా ఉత్తర్వు ఇస్తారు.

మన దేశంలో ఆడేవాడికీ ఇలాంటి జాతీయ జాబితా లేదు, ఇంటివాళ్లకూ లేదు. ఇప్పుడు అన్నీ నిషేధమే కనుక జాబితా ఎందుకు అంటారు. నిషేధం ఉన్నా ఆట నడుస్తోందని మన బస్తీలు తొమ్మిదేళ్లుగా చూస్తున్నాయి.

గృహహింస చట్టాన్ని ఇలా చదువుదాం

సైటు ఏ దీవిలో ఉన్నా దానికి కావాల్సింది మన ఇంటి డబ్బు. కాబట్టి డబ్బు ఇల్లు దాటే చోట అడ్డుపడే అధికారం స్త్రీకి ఉందా అని వెతకాలి. ఉంది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టంలో ఉంది. ఆ చట్టాన్ని కొట్టినప్పుడు వాడుకునేదిగానే మనం ఎక్కువగా చూస్తున్నాం. మూడో సెక్షన్ ఆర్థిక హింసను కూడా హింసగానే గుర్తించింది. ఇంటి ఖర్చుకు డబ్బు లేకుండా చేయడం, స్త్రీధనాన్ని, ఇంటి సామానును, ఆస్తిని అమ్మేయడం అందులోకి వస్తాయి.

పద్దెనిమిదో సెక్షన్ కింద మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆస్తులు అన్యాక్రాంతం చేయకుండా ఆపవచ్చు. అంతేకాదు, బ్యాంకు ఖాతాలను, లాకర్లను కోర్టు అనుమతి లేకుండా వాడకూడదని చెప్పవచ్చు. జాయింటు ఖాతా ఒక్కటే కాదు, అతని ఒక్కడి పేరు మీద ఉన్న ఖాతా కూడా ఇందులోకి వస్తుంది. ఇరవయ్యో సెక్షన్ కింద ఇంటి ఖర్చుకు డబ్బు ఇప్పించవచ్చు. అతను ఇవ్వకపోతే యజమాని నుంచే నేరుగా ఆమెకు చెల్లించమనవచ్చు. ఇరవై మూడో సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు అడగవచ్చు. ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, 20 వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. భార్య మాత్రమే కాదు, కలిసి ఉంటున్న తల్లి కూడా కొడుకు మీద ఈ చట్టం కింద వెళ్లవచ్చు.

ఇది జూదగాడు తనకు తాను వేసుకునే కట్టడి కాదు. ఇల్లు అతనికి వేసే కట్టడి. ఇరవై ఏళ్లుగా మన చేతిలో ఉన్నా జూదం విషయంలో మనం దాన్ని తగినంతగా అడగలేదు.

దీనికీ పరిమితులున్నాయి. ఖాతాకు కట్టడి వేసినా కొత్త అప్పును అది ఆపలేదు. కోర్టు వాయిదాలు మనకు తెలుసు. పెద్దమనిషి ఖాతాలో చేయి పెట్టడం అతని స్వేచ్ఛకు భంగం కాదా అని అడిగేవాళ్లూ ఉంటారు. పిల్లల ఫీజు, అద్దె, ఆమె గొలుసు ఆటలో పెట్టినప్పుడు అది అతని ఒక్కడి స్వేచ్ఛ కాదు. అయినా ఈ అధికారం ఇరుపక్షాలనూ విన్న మేజిస్ట్రేటు చేతిలో ఉండటమే మంచిది. బ్యాంకు మేనేజరుకో పోలీసుకో ఇస్తే రేపు భార్య జీతం మీద భర్త కూడా అదే అడుగుతాడు.

మనం చేయగలిగినవి

మొదటిది. ఆర్థిక హింస కేసుల్లో జూదం సంగతిని దరఖాస్తులో వివరంగా రాయించాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, కుదువ రసీదులు, అప్పు యాప్‌ల మెసేజీలు జత చేయించాలి. పద్దెనిమిదో సెక్షన్ కింద ఖాతా కట్టడిని స్పష్టంగా అడగాలి. ఆదాయంతో పని లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. న్యాయసేవాధికార సంస్థను అడగండి.

రెండోది. భర్త తన పేరు మీద తీసుకున్న అప్పుకు సంతకం పెట్టని భార్య బాధ్యురాలు కాదు. ఈ ఒక్క వాక్యం ప్రతి బస్తీకి చేరాలి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని, కుటుంబసభ్యులను వేధించకూడదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. భయంతో కొత్త కాగితాల మీద సంతకాలు పెట్టవద్దని చెప్పండి.

మూడోది. ఖాతా, సిమ్ కార్డు కిరాయికి ఇవ్వవద్దని పొదుపు సంఘాల్లో మాట్లాడండి. నెలకు రెండు మూడు వేలు వస్తాయని భర్తో మరిదో చెబితే ఇచ్చిన స్త్రీకి తర్వాత పోలీసు నోటీసు వస్తుంది. కమిషన్ తిన్నవాడు కనపడడు. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

నాలుగోది. జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగా గుర్తించింది. టెలిమానస్ 14416 నంబరు ఉచితం. అతనికి వైద్యం కావాలి. అతన్ని బాగుచేసే బాధ్యత మాత్రం ఆమె ఒక్కదాని నెత్తిన పెట్టకండి. ఆమె నిద్ర, ఆమె భయం గురించి కూడా అడగండి.

చివరిగా ఒక డిమాండు. 2025 చట్టం నడిపేవాడిని శిక్షిస్తుంది, ఆడేవాడిని వదిలేస్తుంది. డబ్బు పోయిన ఇంటి స్త్రీ దరఖాస్తు పెట్టుకునే చోటు అందులో లేదు. ఆమె ఫిర్యాదు మీద ఆ ఇంటి ఖాతా నుంచి వెళ్లిన డబ్బు ఏ కిరాయి ఖాతాలకు చేరిందో బ్యాంకు వెంటనే కనిపెట్టి నిలిపివేయాలి. ఆ వివరాలు ఆమెకు తెలియజేయాలి. దీన్ని నిబంధనల్లో చేర్చమని అడుగుతూ మహిళా కమిషన్‌కు, రాష్ట్ర ప్రభుత్వానికి మహజరు ఇద్దాం. దాని ముసాయిదాను ఈరోజు మధ్యాహ్నం మనమే కూర్చుని రాయాలి. మీ దగ్గరున్న కేసుల్లో భార్య ఎక్కడ ఆగిపోయింది, ఎవరు వెనక్కి పంపారు అన్న వివరాలు దానికి కావాలి. వాటిని చెప్పండి. పేర్లు అక్కరలేదు.