కవిత్వం అట్ట మీద రాసి ఉండదు

(వాడల్లో చదువరుల కూటమి దగ్గర చేసిన ప్రసంగ పాఠం)



కవిత్వం అనగానే మనోళ్లు చాలామంది వెనక్కి జరుగుతారు. "అది చదువుకున్నోళ్ల యవ్వారం, మనకెందుకు?" అంటారు. ఈ జంకు ఊరికే పుట్టలేదు. ఛందస్సు తెలిసినోడే కవి, అట్ట మీద కావ్యం అని ఉంటేనే కవిత్వం అని వందల ఏళ్లుగా చెప్పుకొచ్చారు. అక్షరాన్నే అందనీయనివాళ్లు కవిత్వాన్ని అందనిస్తారా? మేము చెప్పేది ఒక్కటే. కవిత్వం ఎక్కడుందో అట్ట చూసి చెప్పలేం. లోపల వెతకాలి. మన చేతికందే పుస్తకాల్లోనే వెతుకుదాం.

ముందు బైబిలు. కోస్తా మాల, మాదిగ పల్లెల్లో చాలా ఇళ్లలోకి మొదట వచ్చిన పుస్తకం అదే. నమ్మినా నమ్మకపోయినా కీర్తనల గ్రంథం తెరవండి. 150 కీర్తనలున్నాయి. ఒక మాట చెప్పి, అదే మాటను వెంటనే ఇంకో తీరుగా చెప్తారు. డప్పు మీద దరువు తిరిగి పడ్డట్టు ఉంటుంది. అందుకే చదువు రాని అమ్మమ్మలు కూడా విని విని నోటికి అప్పజెప్పేవాళ్లు. యోబు గ్రంథంలో అన్నీ పోగొట్టుకున్న మనిషి దేవుణ్ణే నిలదీస్తాడు. ఆ నిలదీయడం మన పాటకు కొత్తా?

ఇక పత్రిక. బాబాసాహెబ్ 1920లో 'మూక్‌నాయక్' పెట్టారు. మూగవాళ్ల నాయకుడు అని దాని అర్థం. తొలి సంచికలోనే హిందూ సమాజాన్ని మెట్లు లేని అంతస్తుల మేడతో పోల్చారు. పెద్ద పెద్ద గ్రంథాలు విప్పలేని కులం గుట్టు ఆ ఒక్క పోలిక విప్పింది. కూలికి పోయే మనిషికి కూడా కళ్లకు కట్టింది. రాసింది పత్రికలోనే అయినా చూసింది కవి కన్ను.

రాజ్యాంగం తీయండి. 17వ అధికరణాన్ని రాజ్యాంగ సభ 1948 నవంబరు 29న ఆమోదించింది. ఉన్నవి రెండు వాక్యాలే. అంటరానితనం ఏ రూపంలో పాటించినా నిషేధమేనని చెప్పింది. ఆ చిన్న మాటలో టీకొట్టు రెండు గ్లాసులు, బావి, గుడి, సెలూను అన్నీ పట్టాయి. కొద్ది మాటల్లో ఎక్కువ పట్టించడం కవి పని కాదా?

కావ్యం అని పేరున్న పుస్తకాన్నీ వదలొద్దు. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపాడు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో జాషువా గబ్బిలంతో పంపించాడు. ఎందుకు గబ్బిలం? మనిషికి గుడి తలుపు మూశారు. గుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలాన్ని ఆపేవాడు లేడు. పద్యం కొరుకుడు పడకపోయినా ఈ సంగతి తెలిస్తే కావ్యం సగం తెలిసినట్టే.

ఇప్పుడొక బరువైన మాట. 1991 ఆగస్టు 6న చుండూరులో మనోళ్లను చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. సాక్షులు చెప్పిన మాటలు మాత్రం కాగితాల మీద ఉన్నాయి. సాక్ష్యాన్ని కవిత్వం అని మేము అనం. చచ్చినోళ్ల ముందు ఆ మాట అనకూడదు. అయితే ఏ వేళ, ఏ గట్టు, ఎవరు అని అలంకారం లేకుండా చెప్పే నిబ్బరాన్ని కవి అక్కడే నేర్చుకోవాలి. కారంచేడు, చుండూరు తర్వాత 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' దళిత కవితా సంకలనాన్ని ఆ కాగితాల పక్కన పెట్టుకుని చదవండి.

ఇంకా పుస్తకాలకెక్కని పాటలు ఎన్నో. నాట్లేసే అక్కలు పాడే పాటలు, పురుడు పాటలు, చావు దగ్గర తల్లులు ఏడుస్తూ చెప్పే మాటలు. పాడే మనిషి పోతే పాటా పోతుంది. రేపు "మీకు సాహిత్యం ఎక్కడుంది?" అని అడిగినోడికి ఏం చూపిస్తాం?

కాబట్టి కార్యకర్తలకు మా మాట ఇది. మీటింగు అయ్యాక ఏ పుస్తకం నుంచైనా ఒక పేజీ పైకి చదవండి. చదువు రానివాళ్లను ముందు కూర్చోబెట్టండి. ఏ మాట దగ్గర వాళ్లు తల ఎత్తారో అక్కడ పెన్సిలుతో గీత పెట్టండి. ముసలమ్మల పాటలు నోటుబుక్కులో ఎక్కించండి. పాట కింద పాడిన మనిషి పేరు, ఊరు పేరు తప్పకుండా రాయండి. పేరు లేకుండా చాకిరీ చేసింది చాలు, పాటకైనా పేరుండాలి.

జై భీమ్!