కోడక్ కెమేరా కథ

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)



ఇందాక మన పిల్లలు వేదికపై నిలిచినపుడు మీలో పెక్కండ్రు ఫోనులు పైకెత్తి ఛాయాచిత్రములు తీసికొంటిరి. ఈ పనిని సామాన్యులకు అందుబాటు చేసిన సంస్థను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

అమెరికాలోని రోచెస్టరు నగరమున జార్జి ఈస్ట్‌మన్ అను బ్యాంకు గుమాస్తా యుండెను. బాల్యముననే తండ్రి గతించుటచే 14వ యేట బడి మాని కొలువున చేరినవాడు. ఆ దినములలో బొమ్మ తీయవలెనన్న పెద్ద పెట్టె, ముక్కాలిపీట, గాజుపలకలు, రసాయనములు, గుడారము మోసికొని పోవలెను. ఈ ప్రయాస తగ్గింపనెంచి, అతడు పగలు కొలువు చేసి రాత్రులు తల్లి వంటయింట ప్రయోగములు సాగించెను. 1880లో పొడి పలకల తయారీ నారంభించెను.

1888లో కోడక్ కెమేరా వెలువడెను. వెల 25 డాలర్లు. లోపల 100 చిత్రములకు చాలిన ఫిలిము. అది ముగిసిన పిదప కెమేరానే కర్మాగారమునకు పంపినచో, 10 డాలర్లకు చిత్రములు సిద్ధపరచి, క్రొత్త ఫిలిము నింపి మరల పంపెడివారు. 1900లో ఒక్క డాలరు వెలగల బ్రౌనీ వచ్చెను. పసిపిల్లలు సైతము దానితో బొమ్మలు తీసిరి.

1975లో అదే సంస్థలో స్టీవెన్ సాసన్ అను యువ ఇంజనీరు ఫిలిము అక్కరలేని కెమేరాను నిర్మించెను. బరువు సుమారు మూడున్నర కిలోలు, ఒక్క చిత్రము క్యాసెట్టు టేపుపై కెక్కుటకు 23 సెకండ్లు, చిత్రము మసక. 1978లో పేటెంటు లభించినను, ఫిలిము అమ్మకముపై బ్రతుకుచున్న పెద్దలకు దానియందు ఉత్సాహము కలుగలేదు. పిమ్మట డిజిటల్ కెమేరాలు తాము తయారుచేసినను, ఇతరులు ముందునకు సాగిరి. 2012లో సంస్థ దివాలా రక్షణ కోరెను. మరుసటి యేడు చిన్నదై బయటపడెను.

వంటయింటి ప్రయోగము లోకమునకెల్ల పనికివచ్చెను; మహాకర్మాగారమున పుట్టిన ప్రయోగము ఆదరణ నోచుకొనలేదు.

నేనును ఇట్టి పొరపాటే చేసితిని. మొన్న ఒక బాలుడు చెప్పుల అట్టపెట్టెకు సూదిబెజ్జము పొడిచి, వెనుక నూనె కాగితము అంటించి తరగతికి తెచ్చెను. పాఠము చెడునని కసరి బయట పెట్టించితిని. సాయంకాలము నేనే దానిని తీసి చూచితిని. కాగితముపై మన వేపచెట్టు తలక్రిందులుగా, ఆకులు కదలుచు కనబడెను. మరునాడు ఆ బాలుని పిలిచి, పెట్టెను తరగతి కంతకు చూపించితిని.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ అట్టముక్కలు, తీగెలు ముందు వేసికొని కూర్చున్నపుడు కసరకుడు. "ఇది యెట్లు పనిచేయును నాయనా?" అని ఒక్కమా రడుగుడు. సెలవు.