పింఛను లేని పద్నాలుగేళ్ళు



మాది ప్రొద్దుటూరు. సైన్యానికి తిండిగింజలు, పెట్రోలు అందించే ఆర్మీ సర్వీస్ కోర్‌లో పద్నాలుగేళ్ళు షార్ట్ సర్వీస్ ఆఫీసరుగా చేశాను. ఆఫీసరు పింఛనుకు ఇరవై ఏళ్ళు నిండాలి. సర్వీసులో ఉన్న మహిళా ఆఫీసర్లందరినీ పర్మనెంట్ కమిషన్‌కు పరిగణించాలని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరి 17న చెప్పేసరికి నేను ఇల్లు చేరి ఉన్నాను.

వ్యాపారులకు సలహాలిచ్చే పని పెట్టుకున్నాను. జమ్మలమడుగులో ఒక బట్టల కొట్టాయన, "మీ ఆయన్ని పంపమ్మా, మాట్లాడతా" అన్నాడు. పులివెందులలో అరటి వ్యాపారం చేసే ఒక అక్క మాత్రం లెక్కల పుస్తకం నా ముందు పెట్టింది. సరుకు దింపి ఖాళీగా తిరిగొచ్చే లారీలే ఆమె నష్టం. అది కనిపెట్టడం సైన్యం నేర్పిన విద్యే.

సర్వీసులో ఉన్న పిల్లలూ, బయటికొచ్చే ముందే డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ కోర్సుకు దరఖాస్తు పెట్టండి. గ్రాట్యుటీ మీ పేరునే ఉంచుకోండి. సలహాకు రేటు ముందే చెప్పండి. నేను చెప్పలేదు, ఆ అక్క నాకు ఒక అరటి గెల ఇచ్చి పంపింది.