సర్వరు పలికితే చాలదు, తెలుగు కనబడాలి

(బెంగళూరులో సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భాష గురించి జరిగే సభకు సర్వర్లు చూసుకునే మనిషిని ఎందుకు పిలిచారా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. ఇరవై ఏళ్లుగా ఈ నగరంలో నా ఉద్యోగం ఒకటే: వెబ్‌సైట్లు ఆగిపోకుండా కనిపెట్టి ఉండడం. మన మిత్రులు వెబ్‌సైటును జాలగూడు అంటున్నారు. ఆ మాట నాకు ఇష్టమే కాని, అర్ధరాత్రి ఫోను మోగినప్పుడు మాత్రం నోటికి సైటు అనే వస్తుంది. మన్నించాలి.

రాష్ట్రం లోపల ఉన్నవారికి తెలుగు పుస్తకం కావాలంటే అంగడి ఉంది, గ్రంథాలయం ఉంది. సరిహద్దుకు ఇవతల ఉన్న మనకు ఆ సదుపాయం తక్కువ. బడిలో తెలుగు ఉన్నా లేకున్నా, ఇంట్లో పిల్లవాడికి నాలుగు అక్షరాలు నేర్పడానికి ఫోనులో తెరుచుకునే పాఠమే ఆధారం. ఆ పాఠం తెరుచుకోనప్పుడు తల్లి ఏమనుకుంటుంది? తన ఫోనుదే లోపమనుకొని ఊరుకుంటుంది. ఎవరూ ఫిర్యాదు చేయరు. చిన్న తెలుగు సైట్లు ఇలాగే చడీచప్పుడు లేకుండా పోతాయి.

ఈ ఊరిలో జరిగిన పెద్ద ఉదాహరణ ఒకటి ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుండి పది లక్షల పుస్తకాల పథకానికి నాయకత్వం వహించారు. దాని భారతీయ శాఖగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థ ఆధ్వర్యంలో నడిచింది. ఎక్కడా దొరకని పాత తెలుగు పుస్తకాలు వేలకొలది అందులో బొమ్మల రూపంలో ఉండేవి. కాపీరైటు అభ్యంతరాల నడుమ 2017 నాటికి ఆ తలుపులు మూసుకున్నాయి. అప్పటికే లక్షల ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవుకు ఎక్కించినవారు ఉండబట్టి ఆ పుస్తకాలలో చాలా భాగం దక్కింది. 2024 అక్టోబరులో ఆ ఆర్కైవు కూడా దాడికి గురై కొన్ని రోజులు మూతబడింది. అంతటి సంస్థలకే తప్పలేదు. మనం నడిపే చిన్న సైట్ల మాట చెప్పనక్కరలేదు.

ఊరికి తలారి ఉన్నట్లే సైటుకూ ఒక తలారి కావాలి. ఐదు నిమిషాలకొకసారి తలుపు తట్టి, పలికితే సరే, పలకకపోతే మనకు కబురు పెట్టే సాధనం అది. అటువంటివి చాలా ఉన్నాయి. ఏది మంచిదో చెప్పేముందు నా తల బొప్పి కట్టిన కథ చెబుతాను.

సరిహద్దు పిల్లల కోసం కొందరం కలిసి ఒక పాఠాల సైటు నడుపుతున్నాం. ఒకసారి దానిని ఒక సర్వరు నుండి మరొక సర్వరుకు మార్చాం. తలారిని పెట్టాం. నెలంతా నూటికి నూరు శాతం నడిచినట్లు లెక్క వచ్చింది. నేను మురిసిపోయాను. అప్పుడు పావగడ వైపు నుండి ఒక వృద్ధ ఉపాధ్యాయుడు ఫోను చేశారు. "నాయనా, మన పాఠాలన్నీ ప్రశ్నార్థకాలయిపోయినాయి. పిల్లోల్లు నవ్వుతాండారు" అన్నారు. తెరిచి చూస్తే నిజమే. తెలుగు అక్షరం ఒక్కొక్కటి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుంది. కొత్త సర్వరులోని డేటాబేసును ఆంగ్ల లిపికి సరిపడే లాటిన్-1 పద్ధతిలో ఉంచి మార్పిడి చేశాం. తనకు తెలియని ప్రతి అక్షరం చోటా అది ఒక ప్రశ్నార్థకం రాసి పెట్టింది. అలా పోయిన అక్షరాలు వెనక్కి రావు. పాత ప్రతి దాచి ఉంచాము గనుక బతికిపోయాం. సర్వరు మాత్రం ఆ నెలంతా పలుకుతూనే ఉంది. తలారి అడిగిన ప్రశ్నే తప్పు. ఆ తప్పు నాది.

అందుచేత సాధనాన్ని ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసినది, పేజీలో ఫలానా మాట ఉన్నదా అని వెదికే సదుపాయం. ఆ మాట తెలుగు మాట కావాలి. మొదటి పేజీ శీర్షికలోని మాట పెట్టవద్దు. మా సైటులో శీర్షికలు విడి ఫైలులో ఉండడం వలన అవి చక్కగానే కనిపించాయి. లోపలి పాఠంలోని మాట పెట్టాలి. ఐత్వం ఉన్న మాట వద్దు. ఐత్వాన్ని కంప్యూటరులో రెండు విధాలుగా దాచవచ్చు. కంటికి ఒకటే, యంత్రానికి వేరు. 'వెబ్‌సైటు' వంటి మాటల నడుమ కనబడని విరామ గుర్తు ఉంటుంది, అదీ వద్దు. 'అమ్మ' చాలు.

ఇక సాధనాలు. నాగియోస్ 1999 నాటిది, జాబిక్స్ లాత్వియాలో పుట్టింది. రెండూ దొడ్డవి, వందల సర్వర్లున్న కార్యాలయాలకు తగినవి. మనకు ఆ బరువు వద్దు. అప్‌టైమ్ రోబో ఉచితంగా 50 చిరునామాలను ఐదు నిమిషాలకొకసారి చూస్తుంది. ఆ ఉచితం వ్యాపారేతర వాడకానికే పరిమితం. ఉచితమన్నది ఎల్లకాలం ఉంటుందని నమ్మవద్దు. పింగ్‌డమ్ ఒకప్పుడు ఉచితంగా ఇచ్చేది, తరువాత మానేసింది. చెన్నై కేంద్రంగా ఉన్న జోహో వారి సైట్24ఎక్స్7 మన దేశంలోని కేంద్రాల నుండి కూడా పరీక్షిస్తుంది. ఇది ముఖ్యం. విదేశాల నుండి వచ్చే విన్నపాలను మన ప్రభుత్వ సైట్లు కొన్ని అనుమతించవు. అమెరికాలోని తలారి వాటిని పడిపోయాయంటాడు, హోసూరులో అవి చక్కగా తెరుచుకుంటుంటాయి. దీనికి విరుద్ధంగానూ జరుగుతుంది.

నాకు నచ్చినది 2021లో వచ్చిన అప్‌టైమ్ కుమా. స్వేచ్ఛా సాఫ్టువేరు. మాట వెదకడం, భద్రతా పత్రం గడువు చూడడం, టెలిగ్రామ్‌లో కబురు పంపడం అన్నీ చేస్తుంది. చిన్న కంప్యూటరు మీద ఇంట్లోనే నడుపుకోవచ్చు. ఒక్క చిక్కు: ఇంట్లో కరెంటు పోతే తలారి కూడా నిద్రపోతాడు. సైటు ఉన్న సర్వరు మీదే దీనిని పెట్టినా అదే గతి. అందుకే ఇది ఒకటి, బయటిది ఒకటి, రెండూ ఉంచుకున్నాం.

భద్రతా పత్రం మాట వచ్చింది గనుక ఇదీ చెప్పాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారు ఉచితంగా ఇచ్చే పత్రాలకు గడువు ముగిసే ముందు మెయిలు వచ్చేది. 2025 జూన్ నుండి ఆ మెయిళ్లు ఆపేశారు. వాటిని నమ్ముకున్నవారు ఆ పనినీ తలారికే అప్పగించుకోవాలి. డొమైను గడువు కూడా అంతే.

కబురు ఒక్కరికే వెళ్లకూడదు, ఇద్దరికైనా వెళ్లాలి. ఒక్కసారి పలకనంత మాత్రాన ఫోను మోగకూడదు. రెండు మూడుసార్లు చూసిన తరువాతే మోగాలి. లేకుంటే నాన్నా పులి కథ అవుతుంది, పది రోజులకు మీరే దాని నోరు నొక్కేస్తారు.

అద్దెకు సర్వరు ఇచ్చేవారు 99.9 శాతం అని రాస్తారు. అంటే ఏడాదికి 8 గంటల 45 నిమిషాలు ఆగవచ్చునని. 99 శాతమంటే మూడున్నర రోజులకు పైగా. ఆ మూడు రోజులూ పరీక్షల వారంలో పడితే ఆ శాతాన్ని పిల్లవాడేం చేసుకుంటాడు?

కర్ణాటక పాఠ్యపుస్తక సంస్థ తెలుగు మాధ్యమ పుస్తకాలు కూడా ప్రచురిస్తుంది. అటువంటి పేజీలను ఎవరైనా కనిపెట్టి ఉండవచ్చు, సొంతదారు కానక్కరలేదు. లింకు తెగితే తేదీ, సమయంతో అర్జీ రాయవచ్చు. "తెరుచుకోవడం లేదండీ" అనడం కన్నా "ఫలానా రోజు ఉదయం 6 నుండి సాయంత్రం 4 దాకా తెరుచుకోలేదు" అనడం కార్యాలయంలో బాగా పనిచేస్తుంది.

మీలో సైట్లు నడిపేవారు ఆరేడుగురు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. భోజనాలకు ఇంకా అరగంట ఉంది. చిరునామా, లోపలి పాఠంలోని ఒక మాట రాసి ఇవ్వండి, ఇక్కడే పెట్టేద్దాం. ముందు వరుసలోని అయ్యవారిదే మొదట.