చిన్న గదిలో పెద్ద సంగీతం

ఈ ఊరి పిల్లలకు ఏళ్ళ తరబడి సరళీ స్వరాలు చెప్పిన మాస్టారి పేరున జరిగే ఉపన్యాసం ఇది. ఆయన్ని పొగడడం కంటే ఆయన కోరుకున్న పని గురించి మాట్లాడడం మేలు. మన పాతపట్నంలో ఒక చిన్న సంగీతోత్సవం జరగాలని ఆయన కోరిక. మైకు అక్కర్లేనంత చిన్నది కావాలి. విద్వాంసుల పక్కన పిల్లలు కూర్చుని వాయించాలి.

మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. 1919లో విజయరామ గజపతి మహారాజు విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. విద్యార్థిగా చేరదామని వెళ్ళిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి వాయింపు విని, ఆయన్ని వయొలిన్ ఆచార్యుడిగానే తీసుకున్నారు. 1936లో ఆయనే అధ్యక్షులయ్యారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుర్రవాడు ఘంటసాలకు పట్రాయని సీతారామశాస్త్రి గారు పైసా పుచ్చుకోకుండా ఇంట్లోనే చెప్పారు. ఆ కుర్రవాడి కడుపు నింపింది మాత్రం విజయనగరం ఇల్లాళ్ళు, జోలెలో వేసిన మధుకరంతో. రాజుగారి కళాశాల ఎంత గొప్పదో ఆ వంటిళ్ళూ అంత గొప్పవని నా నమ్మకం.

ఇవాళ పిల్లలకు గురువులున్నారు, పరీక్షలున్నాయి, పోటీలున్నాయి. లేనిది పక్కన కూర్చునే చోటు. కచేరీలో పదిహేనేళ్ళ అమ్మాయి వయొలిన్ పట్టుకుని పెద్ద గాయకుడి పక్కన కూర్చుందనుకోండి. ఆయన ఆలాపన ఎత్తుకుంటాడు. ఏ సంచారం వస్తుందో ఆమెకు ముందు తెలియదు. ఒక్క క్షణం వెనకగా ఆ గమకాన్ని అందుకోవాలి, ఆయన ఆగినచోట చివరి స్వరాన్ని సన్నగా నిలబెట్టాలి. ఆయన మళ్ళీ ఎత్తుకోగానే తగ్గాలి. తన వంతు వచ్చినప్పుడు రాగం తనదిగా పలకాలి. స్వరకల్పనలో ఆయన విసిరిన ముక్కకు బదులు ఇవ్వాలి. తాళం తప్పితే మృదంగం వాయించే పెద్దాయన ఒక్క చాపుతో మళ్ళీ దారిలో పెడతాడు. దీన్ని ఏ పుస్తకమూ నేర్పదు, ఒంటరి సాధనా నేర్పదు. రికార్డింగు మనకోసం ఆగదు, మన తప్పు కాయదు.

అందుకే చిన్న గది అంటున్నాను. మన బొబ్బిలి వీణ ఉంది కదా, ఒకే పనస దుంగను తొలిచి చేసేది. మీటిన తరవాత తీగ లాగితే పుట్టే అనుస్వరాలే దాని ప్రాణం. పది అడుగుల దూరంలో కూర్చుంటేనే అవి పూర్తిగా వినబడతాయి. పెద్ద పందిట్లో స్పీకరు పెట్టెల ముందు కూర్చున్న పిల్లవాడికి మీటు వినిపిస్తుంది గానీ ఆ మీటుకీ మీటుకీ మధ్య జరిగేది దక్కదు.

పక్కన కూర్చుని నేర్చుకునే చోటు ఎలా ఉంటుందో చూడండి. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో మార్ల్‌బరో అనే చిన్న ఊరుంది. రుడాల్ఫ్ సెర్కిన్, అడాల్ఫ్ బుష్ తదితర సంగీతకారులు 1951లో అక్కడ వేసవి సంగీతోత్సవం మొదలుపెట్టారు. నలుగురు వాయించే కృతిలో పేరున్నవారూ చిన్నవారూ సరిసమానంగా కూర్చుంటారు. వారాల తరబడి సాధన చేసినవాటిలో చాలా కృతులు ప్రేక్షకుల ముందుకే రావు. నాకు బాగా నచ్చిన సంగతి అదే. కచేరీ కోసం సాధన కాదు, సాధనే ఉత్సవం.

పాతపట్నానికి ఇంకో భాగ్యం ఉంది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, మనం ఇటు మిగిలాం. మహేంద్రతనయ మాత్రం రెండు వైపులకూ ఒకటే. అటువైపు పిల్లల్నీ పిలుద్దాం. వాళ్ళ ఒడిస్సీ పాట మన పిల్లలు వినాలి, మన కీర్తన వాళ్ళు వినాలి.

నేను అడిగేది ఇంతే. పుష్య బహుళ పంచమికి, త్యాగరాజస్వామి ఆరాధన నాటికి ముగిసేలా, అయిదు రోజులు జరుపుదాం. పగలంతా సాధన, సాయంత్రం గంటన్నర కచేరీ. పోటీ వద్దు, బహుమతులు వద్దు. మాస్టారి పేరున ఉన్న నిధి వడ్డీ విద్వాంసుల సంభావనకూ, దారి ఖర్చులకూ వాడాలి. పిల్లలకు పడక, భోజనం మన ఇళ్ళలోనే. ఒక్కొక్క ఇల్లు ఇద్దరిని పెట్టుకోగలదేమో ఇంటికి వెళ్ళి మాట్లాడుకోండి. ఒప్పుకున్నవారు ఈ నెలాఖరులోగా నిధి కార్యదర్శి గారికి పేర్లు ఇవ్వండి.