కంచన్‌బాగ్ గోడకు ఇవతల
(బార్కస్‌లో జరిగిన విద్యార్థుల, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన బార్కస్ పేరు 'బారక్స్' నుంచి వచ్చింది. నిజాం సైన్యంలో కొలువుకు వచ్చిన హద్రమౌత్ అరబ్బులు నివసించిన చోటు ఇది. వారికి విద్య అబ్బింది కవాతు మైదానంలో. మన పిల్లల ఇంజనీరింగ్ మాత్రం నాలుగు గోడల మధ్యే ముగుస్తోంది.

ఇక్కడికి కూతవేటు దూరంలోని కంచన్‌బాగ్‌లో క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్ ఉంది. ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని ఉంది. మన మెకానికల్ విద్యార్థి ఆ గోడల పక్కనుంచే రోజూ కాలేజీకి వెళ్తాడు. లోపల యంత్రం ఎలా తిరుగుతుందో చూడకుండానే పట్టా పుచ్చుకుంటాడు.

ఉద్యోగ విరమణ తరువాత నేను యువకుల దరఖాస్తులు నింపిపెడుతున్నాను. ఒక అబ్బాయి 'అనుభవం' గడిలో 'లేదు' అని రాయమన్నాడు. మూడు వేసవులు తండ్రి లేత్ షెడ్డులో పనిచేసిన పిల్లవాడు! మరొకడు డబ్బిచ్చి కొన్న ఇంటర్న్‌షిప్ పత్రం తెచ్చాడు. మొదటివాడికి తన పని విలువ తెలియదు. రెండోవాడికి పనే తెలియదు.

ఇంజనీరింగ్ చదువులో పని అనుభవం తప్పక ఉండాలి. బిట్స్ పిలానీ 1973లోనే 'ప్రాక్టీస్ స్కూల్' ప్రారంభించింది. అక్కడి విద్యార్థులు నాలుగేళ్లలోనే దాదాపు ఐదున్నర నెలలు పరిశ్రమలో గడిపే వీలుంది. అయితే అనుభవం పేరిట జీతం లేని ఐదో ఏడాది కలిపితే, పెద్దకొడుకు సంపాదన కోసం ఎదురుచూసే మన ఇళ్లు ఆ భారం మోయలేవు. కనుక మన కోరిక స్పష్టంగా ఉండాలి: నాలుగేళ్లలోనే ఆరు నెలల పని, దానికి భృతి.

పట్టా పొందినవారికి చట్టం ఇప్పటికే ఒక దారి చూపింది. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 1973లో సవరించి ఇంజనీరింగ్ పట్టభద్రులనూ చేర్చారు. 2019 నియమాలు వారి కనీస భృతిని నెలకు 9,000 రూపాయలుగా నిర్ణయించాయి. భారత్ డైనమిక్స్, మిధాని వంటి సంస్థలు అప్రెంటిస్ ప్రకటనలు ఇస్తుంటాయి. అవి మన వీధుల్లో ఎవరి కంటా పడకుండానే గడువు దాటిపోతాయి.

కాబట్టి ఈ ప్రకటనలను మసీదు బోర్డుపై అతికిద్దాం. దరఖాస్తులు నింపే పని నాకు వదిలేయండి. అమ్మాయిల తల్లిదండ్రులకు మరో మాట: నాలుగేళ్లు కాలేజీకి పంపిన బిడ్డను పని నేర్చుకునే ఆరు నెలలు ఇంట్లో ఆపకండి. దారి ఖర్చు, తోడు సమస్య అయితే బస్తీ అంతా కలిసి చూసుకుందాం.

ఆ గోడ అవతలికి మన పిల్లలు చేతిలో పనితో వెళ్లాలి.